శుక్రవారం అలిగే ప్రింటర్

నవత దుకాణంలో ప్రింటర్ వారానికి ఆరు రోజులు చెప్పిన మాట వినేది. శుక్రవారం పదకొండు అయ్యేసరికి మాత్రం దానికి ఏం పూనేదో ఏమో, అప్పటిదాకా టకటకా కాగితాలు కక్కిన యంత్రం ఉన్నట్టుండి మూగబోయేది. నొక్కినా పలకదు, తట్టినా పలకదు. ఎల్లారెడ్డి బస్టాండు ఎదురు సందులో, ఫోటో స్టూడియోకూ చెప్పుల దుకాణానికీ నడుమ ఇరుక్కున్న ఆ చిన్న గదిలో నిలబడ్డవాళ్ళు అరచేతుల్లో ఆధార్ కార్డులు పట్టుకుని విసుక్కునేవారు. నవత కూడా వాళ్ళతో కలిసి ఆ కంప్యూటర్‌ను నాలుగు మాటలు తిట్టి, మొహం గంటు పెట్టుకుని, సౌదీలోని దమ్మామ్‌లో ఉన్న మొగుడికి ఫోన్ చేసేది.

"మళ్ళ ఆగింది."

"వస్తున్న," అనేవాడు మార్కండేయ.

సముద్రం అవతల ఉన్న మనిషి, పక్క గదిలోంచి లేచి వస్తున్నట్టే అనేవాడా మాట. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎంతమంది విసుగునైనా భరించేది. రెండు నిమిషాలకు తెర మీద బాణం తనంతట తాను కదిలేది. ఆమె చెయ్యి ఒడిలోనే ఉండేది, అయినా బాణం నడిచేది. అది అక్కణ్ణించే నెట్ మీదుగా ఈ కంప్యూటర్ నడిపే ఆయన చెయ్యి. ఆలోచన వచ్చినప్పుడు ఆ బాణం ఉన్నచోటనే చిన్న చిన్న సున్నాలు చుట్టేది. ఇంట్లో ఉన్న రోజుల్లో చాయ్ సాసరు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చునే అలవాటు ఆయనది. నవత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ సున్నాలు చూసేది.

ఒక్కోసారి కొంటెతనం పుట్టి తనూ మౌస్ పట్టుకునేది. అప్పుడు ఒకే బాణాన్ని ఇద్దరు లాగినట్టయి, అది అటూ ఇటూ కాకుండా గింజుకునేది.

"వదులు నవతా."

"నేను పట్టుకోలే."

"పట్టుకున్నవ్. నాకు తెలుస్తలేదా."

అలా ముప్పావుగంట, గంట గడిచేది. ప్రింటర్ గర్రుమని లేచి కాగితం మింగేది. "అయింది, ఉంట మరి," అని ఆయన వెళ్ళిపోయేవాడు. బాణం తెర మధ్యలో చచ్చుబడి నిలిచిపోయేది. మళ్ళీ శుక్రవారం దాకా దాన్ని ఆమే కదుపుకోవాలి.

ఫోన్‌లో రోజూ మాట్లాడుకోరా అంటే మాట్లాడుకుంటారు. తిన్నవా, తిన్న. అత్తమ్మ మోకాళ్ళు ఎట్లున్నయి, గట్లనే ఉన్నయి. ఆ తర్వాత ఇద్దరికీ మాట అందదు. ఆయన గదిలో ఎనిమిది మంది ఉంటారు, ఈమె ఇంట్లో అత్త దుర్గవ్వ బీడీలు చుడుతూ చెవి ఇటే పెట్టి ఉంటుంది. పైగా మార్కండేయ మొదటి నుంచీ మాటల మనిషి కాడు. చేతికి పని ఉంటేనే ఆయన పక్కన కూర్చోగలడు. పని లేకుండా భార్య పక్కన కూర్చోవాలంటే ఆయనకు సిగ్గు. ఇటువంటి మగవాళ్ళను ఏం చేయాలో ఎవరికీ తెలియదు, కట్టుకున్న వాళ్ళకు అసలే తెలియదు.

ఆ కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ పెట్టింది ఆయనే. పెళ్ళికి ముందు మార్కండేయ కామారెడ్డిలో ఒక ట్రైనింగ్ సెంటర్‌లో కంప్యూటర్ చెప్పేవాడు, నవత అక్కడే డీటీపీ నేర్చుకుంది. పిల్లలంతా విండోస్ నేర్పితే చాలు సార్ అని గోల పెడుతుంటే, ఆయన చివరి పది నిమిషాలు లినక్స్ గురించి చెప్పకుండా వదిలేవాడు కాదు. "పాత మిషన్ మీద గూడ అల్కగ నడుస్తది. పెన్‌డ్రైవుల తెచ్చే వైరస్‌లు దీన్నేం చెయ్యలేవు. కొనేది లేదు, దొంగది ఎక్కించుకునేది లేదు. అన్నిటికన్న పెద్ద ముచ్చటేందంటే, ఇది తన ఇష్టమొచ్చినట్టు ఏదీ చెయ్యది. మనం చెప్తేనే చేస్తది, ఎంత చెప్తే అంతే చేస్తది." క్లాసులో ఆ మాటలు చెవిన పెట్టింది నవత ఒక్కతే. ఆమె విన్నది లినక్స్ గురించేనా అన్నది వేరే సంగతి.

ఆ సెంటర్ మూతపడ్డాక ఇద్దరూ ఎల్లారెడ్డి వచ్చి ఈ దుకాణం పెట్టారు. ఆయన చెప్పిన గుణాలేవీ అబద్ధం కావు. బడి గుమాస్తా పెన్‌డ్రైవ్ అంటే ఊళ్ళో ప్రతి కంప్యూటర్‌కూ వణుకు, నవత దగ్గర మాత్రం నిశ్చింతగా తెరుచుకునేది. పన్నెండేళ్ళ నాటి డబ్బా పొద్దున స్విచ్ వేస్తే చాయ్ చల్లారే లోపు లేచి కూర్చునేది. ఒక్క శుక్రవారం ప్రింటర్ గొడవ తప్ప. అది కూడా ఆయన వెళ్ళాకనే మొదలైంది. ఎందుకిట్లా అని అడిగితే, "పాత ప్రింటర్ కద, దానికీ దీనికీ అప్పుడప్పుడు పడది," అనేవాడు. బాగుచేయడం నాకు నేర్పు అంటే, "నీకెందుకు, నేనున్న కద," అనేవాడు.

పక్క స్టూడియో లింబాద్రికి ఇదంతా వినోదంగా ఉండేది. ఆయన దగ్గర మాక్ కంప్యూటర్ ఉంది. దాని మీద ధూళి పడకుండా భార్య పాత పట్టు జాకెట్ గుడ్డ కప్పి ఉంచుతాడు.

"చెల్లె, నాది కొని ఆరేండ్లాయె. ఒక్కనాడు మొరాయించలే," అనేవాడు. "పెండ్లి ఆల్బంల పిల్ల చీర తెర మీద ఏ రంగుంటే కాయితం మీద గదే రంగు దిగుతది. నీ లినక్స్‌ల ఎర్రచీర పెడితే ఏమైతది?"

"నా దగ్గర చీరల పనేముందన్నా. అన్ని నల్ల అక్షరాలే. నీ దాంట్ల వేలిముద్ర మిషన్ నడుస్తదా?"

"అది నడవది," అని లింబాద్రి నిజాయితీగా ఒప్పుకుని తన గుడ్డ సర్దుకునేవాడు. తన దాంట్లోనూ అది నడవదన్న సంగతి నవత పైకి అనేది కాదు.

వేలిముద్ర మిషనే చివరికి కొంప మీదికి తెచ్చింది. నవంబరు వస్తే బీడీలు చుట్టి రిటైరైన ఆడవాళ్ళంతా తాము బతికే ఉన్నామని వేలు పెట్టి రుజువు చేసుకోవాలి, లేకపోతే పెన్షన్ ఆగుతుంది. దుకాణాల్లో దొరికే ఆ మిషన్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే ఎక్కుతుంది. రెండేళ్ళుగా నవత వాళ్ళను కామారెడ్డి పంపుతూ వచ్చింది. ఈసారి గంగామణి వెళ్ళి, రోజంతా లైన్లో నిలబడి, పని కాకుండానే తిరిగొచ్చింది. నలభై ఏళ్ళు తునికాకు మీద తంబాకు పోసి చుట్టిన బొటనవేలు అది. గీతలన్నీ అరిగిపోయి గులకరాయిలా నునుపెక్కింది.

"మూడుసార్లు పెట్టిచ్చిన్రు బిడ్డా, పడలే. ఇగ నడువు అన్నరు. ఎనుక మస్తు మందున్నరు కద," అంది గంగామణి బల్ల మీద కూలబడి. "గదే నీ దగ్గరైతే, నిమ్మలంగ చేతులు కడుక్కొని పదిసార్లు పెడ్త. ఒక్కసారన్న పడకపోతదా?"

ఆ వారమే ఇంకొకటి జరిగింది. శుక్రవారం ప్రింటర్ ఆగింది, ఫోన్ చేస్తే మార్కండేయ ఎత్తలేదు. ఆయన పనిచేసే కంపెనీ గోదాముకు సరుకు వచ్చి సెలవు రోజున కూడా డ్యూటీ పడిందట. సాయంత్రం దాకా దుకాణం ఉత్తదే. బాణం కదలని తెర ముందు నవత చేతులు కట్టుకుని కూర్చుంది. వచ్చిన గిరాకీ వెళ్ళిపోతున్నందుకు కాదు, పొద్దుగూకే వేళకు ఆమెకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి అన్నం దగ్గర దుర్గవ్వ తేల్చేసింది. "ఆ పెట్టెల ఉన్నది మార్పియ్యి పిల్లా. నలుగురికి పనికొచ్చేది పెట్టుకో."

ఫోన్‌లో నవత ఈ మాట మార్కండేయ చెవిన వేసింది.

"విండోస్ పెడితే వేలిముద్రలు పడ్తయి. బీడీల అవ్వలకు కామారెడ్డి తిరుగుడు తప్పుతది," అంది నవత. "ప్రెస్సోళ్ళ తెలుగు ఫైళ్ళు గూడ తెరుసుకుంటయట." ఆగి, "ప్రింటర్ గూడ ఆగదట," అంది.

"ఔ. ఆగది," అన్నాడు. కాసేపటికి, "మార్చుకో. నీకు ఏది అల్కగుంటే గదే పెట్టుకో," అన్నాడు. ఆ తర్వాత, ఎలాగూ చెప్పక తప్పదన్నట్టు, కంపెనీ కాంట్రాక్ట్ ఇంకో ఏడాది పెంచిందనీ వేసవికి రావడం కుదరదనీ చెప్పాడు.

ఫోన్ పెట్టేశాక నవత వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఇంకో ఏడాది అంటే యాభై రెండు శుక్రవారాలు. వాటినే ఆమె చేతులారా పోగొట్టుకోబోతోంది. కావాలంటే ఊరకే కూడా ఆయన్ను తెర మీదికి పిలవవచ్చు. కానీ ఏమని పిలవాలి? ఏ పనీ లేదు, వచ్చి నా బాణం కదిలించు అని ఎలా అడగాలి? పదకొండేళ్ళ కాపురంలో అలాంటి మాట ఆమె ఎన్నడూ అనలేదు. గంగామణి వేలు గుర్తొచ్చినప్పుడల్లా తన కోరిక తనకే సిగ్గనిపించింది.

మంగళవారం పొద్దున సీపీయూను పాత నేత చీరలో మూటగట్టుకుని కామారెడ్డి బస్సెక్కింది. కండక్టర్ ఆ మూటను చూసి ఏమిటని అడిగితే, "పేషెంటు," అంది. లింగంపేట దాటేదాకా దాన్ని ఒడిలోంచి దించలేదు.

సిరిసిల్ల రోడ్డులో రిపేరు దుకాణం నడిపే పల్లవి ఇంజనీరింగ్ చదివిన పిల్ల. చదువు ఎంతో, నోరు అంత. సీపీయూకు తెర తగిలించి చూడగానే ఆ పిల్ల మొహం విప్పారింది.

"అక్కా, ఇది ఎవరు పెట్టిన్రు? గింత నీటుగ పెట్టిన మిషన్ నేను కామారెడ్డిలనే చూడలే. దీన్ని ఎందుకు తీస్తవ్?"

"వేలిముద్ర మిషన్ కోసం."

"గదైతే నిజమే. ఏ మిషన్ కొన్నా దాని సాఫ్ట్‌వేర్ ముందు విండోస్‌కే చేస్తరు. అందరి దగ్గర అదే ఉంది కాబట్టి అన్ని దానికే వస్తయి. అన్ని దానికే వస్తయని అందరు అదే కొంటరు. ఇంకేమన్న కష్టముందా దీంతోని?"

"శుక్రవారం ప్రింటర్ ఆగుతది."

"ఏ శుక్రవారం?"

"ప్రతి శుక్రవారం. పదకొండుకు."

పల్లవి చేతులు కీబోర్డు మీదే ఆగాయి. తర్వాత ఫక్కున నవ్వింది. "ఖరాబైన మిషన్ గడియారం చూస్కుంట ఆగుతదా అక్కా? లినక్స్ తన ఇష్టానికి ఏం చెయ్యది. ఎవరన్న చెప్పాలె."

నవతకు ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడ విన్నదో గుర్తొచ్చే లోపే పల్లవి నల్లటి తెర ఒకటి తెరిచి, నాలుగు అక్షరాలు కొట్టి, ఒక వరుస మీద వేలు పెట్టింది. ఏ వేళకు ఏ పని చేయాలో కంప్యూటర్‌కు ముందే రాసిపెట్టే పట్టీ అది. అందులో ఒకే ఒక్క వరుస ఉంది. మొదట నిమిషాలు, తర్వాత గంట, చివర వారం: సున్నా, పదకొండు, అయిదు. అయిదు అంటే శుక్రవారం. పక్కన ప్రింటర్‌ను ఆపమని ఆజ్ఞ.

"సూడు. ఎవరో కావాలని పెట్టిన్రు. ఎవరో నీ మీద పగబట్టినట్టుంది," అంది పల్లవి. ఫైలు తేదీ కూడా చదివింది. రెండేళ్ళ కిందట, ఫిబ్రవరి పదో తారీఖు, సాయంత్రం ఏడూ ఇరవై. "తీసేస్తున్న. ఇగ నీ ప్రింటర్ జన్మల ఆగది."

ఆగు అని నవత అనేలోపే పల్లవి మీట నొక్కేసింది. వరుస మాయమైంది.

ఫిబ్రవరి పదకొండున మార్కండేయ విమానమెక్కాడు. పదో తారీఖు సాయంత్రం ఆమెకు మరిచిపోవడానికి వీలు లేనంత బాగా తెలుసు. పెట్టె సర్దడం అయిపోయింది. ఆమె తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని ఇంట్లో ఎదురుచూస్తోంది. ఆయన రాలేదు. చూసి చూసి దుకాణానికి వెళ్తే, ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. "జర చిన్న పనుంది. అయిపోతది," అన్నాడు తల తిప్పకుండా. పొద్దున పోయేవాడికి ఇవాళ కూడా నాకన్నా ఈ డబ్బానే ఎక్కువైందా అని ఆమెకు ఒళ్ళు మండింది. ఆ రాత్రంతా అటు తిరిగి పడుకుంది. రెండేళ్ళుగా ఆ రాత్రి ఆమెకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ముందు కోపం వచ్చింది. నూరుకు పైగా శుక్రవారాలు జనంతో తిట్టించాడు, తనూ కలిసి తిడుతుంటే అవతలి నుంచి ఏమీ ఎరగనట్టు విన్నాడు. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. పని లేకుండా పక్కన కూర్చోవడం చేతకాని మనిషి, వెళ్తూ వెళ్తూ తనకో పని పెట్టుకుని వెళ్ళాడు.

"అక్కా, పాతది మొత్తం తుడిచి విండోస్ ఎక్కియ్యాలె కదా?" అంటోంది పల్లవి.

"తుడువకు," అంది నవత. సీపీయూ మీద చెయ్యి వేసి మళ్ళీ అంది. "రెండూ ఉండెటట్టు చెయ్యొస్తదా?"

"ఎందుకు చెయ్యరాదు? స్విచ్ ఎయ్యంగనే ఏది కావాలె అని అడుగుతది. పది సెకన్లు ఆగుతది, నువ్వు ఏం చెప్పకుంటే విండోస్‌లకు పోతది."

"పది సెకన్లు చాలు," అంది నవత.

కొత్తగా కొన్న వేలిముద్ర మిషన్ తగిలించుకుని బుధ, గురువారాలు దుకాణం విండోస్ మీద నడిచింది. గంగామణి అన్నట్టే నిమ్మలంగా చేతులు కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, ఒక్కొక్క వేలే పెట్టింది. ఎడమచేతి ఉంగరం వేలు తొమ్మిదోసారి పడింది. ఆమె బతికే ఉన్నట్టు తెర మీద పచ్చటి టిక్కు వస్తే బల్ల మీదున్న అవ్వలంతా నవ్వారు. విండోస్ గొప్పతనాన్ని నవత మనస్ఫూర్తిగా ఒప్పుకుంది.

శుక్రవారం పొద్దున స్విచ్ వేసి, అడిగిన పది సెకన్లలో లినక్స్ నొక్కింది. పదకొండు అయింది. ప్రింటర్ బుద్ధిమంతురాలిలా నడుస్తూనే ఉంది. పదకొండూ పది. ఆమె ఫోన్ చేయలేదు. చేసి ఏం చెప్పాలి?

పదకొండూ పావుకు ఫోన్ మోగింది. రెండేళ్ళలో ఏ శుక్రవారమూ ముందు ఆయన చేయలేదు.

"దుకాణంలనే ఉన్నవా?" అన్నాడు మార్కండేయ.

"ఉన్న."

"మార్పిచ్చినవా?"

"వేలిముద్రలు పడుతున్నయి. గంగామణవ్వది గూడ పడ్డది."

"మంచిగయింది." వెనకాల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. "ప్రింటర్... మంచిగ నడుస్తున్నదా మరి?"

పెన్షన్ కాగితం కోసం మళ్ళీ వచ్చి బల్ల మీద కూర్చున్న గంగామణి కాగితమే అప్పుడు ప్రింటర్ నోట్లోంచి సగం బయటికి వచ్చింది. నవత దాన్ని చూసింది. ఫోన్ చెవికి ఆనించి, వంగి, గోడకున్న ప్రింటర్ స్విచ్ కట్టేసింది. కాగితం సగంలో నిలిచిపోయింది. గంగామణి నోరు తెరిచి, నవత మొహం చూసి, నోరు మూసుకుని బల్ల మీద సర్దుకుని కూర్చుంది.

"ఆగింది," అంది నవత. "రా."

అవతల గిన్నెల చప్పుడు దూరమైంది. తర్వాత, "వస్తున్న," అన్నాడు.

బాణం కదిలింది. అక్కడక్కడ తిరిగింది. ప్రింటర్ బొమ్మ నొక్కింది, మూసింది. తర్వాత నల్లటి తెర తెరిచి, ఆ పట్టీ ఉన్నచోటికి వెళ్ళింది. పట్టీ ఖాళీగా ఉంది. బాణం అక్కడే నిలబడిపోయింది. సున్నాలు కూడా చుట్టలేదు.

"ఎవరు తీసిన్రు?" అన్నాడు.

"కామారెడ్డి పిల్ల. నేను పక్కనే ఉన్న."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. మస్తొచ్చింది. గిరాకంత నన్ను తిట్టుకుంట పోయింది రెండేండ్లు."

"ఫోన్ల నాకు మాట్లాడరాదు నవతా," అన్నాడు. అంత పొడుగు మాట ఆయన ఫోన్‌లో ఎన్నడూ అనలేదు, అయినా ఆపలేదు. "ఈడ ఎనిమిది మంది నడుమ కూసొని ఏం మాట్లాడుదు. ఆ గంట సేపు, నీ పక్కన స్టూలేసుకొని కూసున్నట్టుంటుండె."

నవత మౌస్ మీద చెయ్యి వేసింది. బాణం ఒక్కసారి ఉలిక్కిపడింది. ఈసారి వదులు అని ఆయన అనలేదు.

"మళ్ళ పెట్టు," అంది నవత.

"ఏంది?"

"ఆ లైను. మళ్ళ రాయి. పదకొండుకు కాదు, గప్పుడు గిరాకి ఉంటది. ఒకటిన్నరకు పెట్టు, అందరు బువ్వకు పోతరు."

అవతల ఏదో చప్పుడైంది. నవ్వో మరొకటో ఆమెకు తెలియలేదు. ఖాళీ పట్టీలో ముందు ముప్పై పడింది, తర్వాత పదమూడు, అంటే మధ్యాహ్నం ఒంటిగంట. చివర్న అయిదు కొట్టాల్సిన చోట ఆయన కాస్త ఆగాడు.

"శుక్రవారం ఒక్కటే సాలునా?" అన్నాడు.